మధ్యాహ్నం జాములో తెగిన నామం

మొన్న ఒక కుర్రాడు ఫోను చేశాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన రాజమండ్రి ఆడియో కంపెనీలో ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్నాడట. మర్యాదస్తుడే. "సర్, మీరు చేసిన సప్తాహం రికార్డింగు ఎడిట్ చేస్తున్నానండి. ఐదో రోజు మధ్యాహ్నం ఫైల్లో ఒకచోట భజన ఆగిపోయిందండి. తర్వాత దూరంగా ఎవరో ఆడమనిషి గొంతు, తప్పుడు తాళం. కాసేపయ్యాక మిగతావాళ్లు కలిసి సర్దుకుంది. ఆ మధ్య ముక్క తీసేసి అతికిద్దామంటే అతుకు తెలిసిపోతోందండి. తెలియకుండా ఎలా చెయ్యాలో కాస్త చెబుతారా?" అన్నాడు.

నేను తిట్టాను. ఏం తప్పు చేశాడని తిట్టానో అతనికి తెలియదు. ఫోను పెట్టేశాక మా ఆవిడ, "అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే" అంది. అదీ నిజమే. అందుకని ఆ కుర్రాడికీ, అతని వయసులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇదే పని నేర్చుకుంటున్న మిగతా పిల్లలకీ ఆ తిట్ల వెనకున్న సంగతి రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గాని, అది తగ్గేలా లేదు.

మా రోజుల్లో బయట రికార్డింగంటే టేపు మిషను, దాని పెట్టె, వైర్ల చుట్టలు, ఒక ఆటో నిండా సామాను. హరికథ చెప్పే ఆయన మంచి రసపట్టులో ఉండగా "ఒక్క నిమిషం ఆగండి, టేపు మార్చాలి" అని చెయ్యెత్తేవాళ్లం. ఆయన ఆగేవారు. ఆగాక మళ్లీ ఆ ఊపు వచ్చేది కాదు. తర్వాత అరచేతిలో ఇమిడే రికార్డరు వచ్చింది. తలమీద రెండు చిన్న మైకులు, లోపల గోరంత కార్డు. పవర్ బ్యాంకు తగిలిస్తే పూటలకు పూటలు అలా పనిచేస్తూనే ఉంటుంది. ఒక ఫైలు నిండితే తనే రెండోది మొదలుపెట్టుకుంటుంది. ఎవర్నీ ఆగమనక్కర్లేదు. అది చేతికొచ్చిన రోజున కొత్త పెళ్లికొడుకులా ఉన్నావని మా యజమాని వెక్కిరించారు.

దానితో ఒక్కటే పేచీ. ఎర్ర బొత్తాం ఒకసారి నొక్కితే దీపం మిణుకుమిణుకుమంటుంది. అంటే సిద్ధంగా ఉందని, ఇంకా రికార్డు చెయ్యడం లేదని. రెండోసారి నొక్కితే నిలకడగా వెలుగుతుంది. అప్పుడు పని మొదలైనట్టు. మా కంపెనీ కెమెరామన్, నలభై దాటిన మనిషి, ఒకసారి పెనుగొండలో ఒక పెద్దాయన ప్రవచనమంతా ఆ మిణుకు చూస్తూ కూర్చున్నాడు. ఆయన ముగించి, శాలువా కప్పించుకుని, కారెక్కి వెళ్లిపోయాక చూస్తే కార్డులో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. "దీపం వెలిగింది కదా గురువుగారూ" అన్నాడు పాపం. ఆ మాట మా ఆఫీసులో సామెత అయిపోయింది. పని జరక్కుండా జరిగినట్టు కనిపించే దేన్ని చూసినా "దీపం వెలిగింది" అనుకుని నవ్వుకునేవాళ్లం.

సరే, సప్తాహం సంగతి. నేను ఉద్యోగం నుంచి దిగిపోవడానికి కొన్నాళ్ల ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, యజమాని నన్ను పిలిచి కడియం పక్కనున్న ఒక ఊళ్లో రామాలయం దగ్గర సప్తాహం జరగబోతోందని, ఏడు రోజులూ మన ఇంటర్నెట్ చానల్లో లైవు ఇస్తున్నామని చెప్పారు. లైవు చూసుకోవడం కెమెరామన్ పని. లైవుతో సంబంధం లేకుండా మొత్తం ఏడు రోజుల నామాన్నీ మంచి నాణ్యతలో రికార్డు చేసి ఉంచడం నా పని. తర్వాత దాన్ని చానల్లో పూర్తిగా పెడతారట. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంతకంటే ఇష్టమైన పని ఎప్పుడూ అప్పజెప్పలేదు.

తెలియని పిల్లలుంటారు కాబట్టి చెబుతున్నాను. సప్తాహమంటే ఏడు రోజులు పగలూ రాత్రీ ఎడతెగకుండా రామనామం పాడటం. పందిరి మధ్యలో అఖండదీపం ఉంటుంది. దాని చుట్టూ తిరుగుతూ ఒక బృందం పాడుతుంది. జాముకో బృందం. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. దిగే బృందం పాడుతుండగానే ఎక్కే బృందం వచ్చి కలుస్తుంది. ఇద్దరూ కలిసి దీపం చుట్టూ తిరుగుతారు. దిగేవాళ్ల పెద్ద చేతిలోని చిడతలు, తాళం ఆగకుండా, ఎక్కేవాళ్ల పెద్ద చేతిలోకి మారతాయి. చిడతల్ని కింద పెట్టకూడదు, కింద పెట్టినవి తీసుకోకూడదు. మోగుతున్న చేతిలోంచే అందుకోవాలి. అదీ నియమం.

ఆ చేతులు మారే చోటంటే నాకు ప్రాణం. ఒక బృందం శ్రుతి ఒకటి, రెండోవాళ్లది మరొకటి. రెండూ కాసేపు ఒరుసుకుంటాయి, ఎడ్లబళ్లు రెండు ఇరుకు గట్టు మీద ఎదురుపడ్డట్టు. ఎవరో ఒకరు కాస్త తగ్గుతారు, ఎవరో కాస్త పెరుగుతారు, తర్వాత చక్కగా దారిలో పడుతుంది. నేనూ రెండు రికార్డర్లు పందిరి రాటకు కట్టుకున్నాను. కార్డు మార్చాల్సి వచ్చినప్పుడు ఒకటి ఆపకముందే రెండోది మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ల నియమమే నా నియమం అనుకున్నాను, అంతే.

రకరకాల బృందాలు వచ్చాయి. రాజమండ్రి నుంచి ఒక పేరున్న భజన బృందం మొదటి రోజు సాయంత్రం వచ్చింది. హార్మోనియం, డోలక్, పట్టు ఉత్తరీయాలు, తుమ్మినా శ్రుతిలోనే తుమ్మే మనుషులు. బాగా పాడారు, కాదనను. మధ్యాహ్నం జాము మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పందిరి మీద తాటాకులు కూడా వేడెక్కి వాసన వచ్చే వేళ అది. ఆ జాముని ఎప్పటినుంచో నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్లు పాడుతున్నారు. పొద్దున్నే మట్టి కలిపి కవర్లలో నింపి, మొక్కలు లారీలకెత్తించి, చేతులు కడుక్కుని, ఆ పూట కూలి వదులుకుని వస్తారు. దుమ్ములో పనిచేసిన గొంతులు. వాళ్ల పెద్ద ఒకావిడ. యాభై ఉంటాయి. బొంగురు గొంతు, కింది స్థాయిలో ఎత్తుకుంటుంది. ఆ గొంతుకి ఒక బరువుంది. ఆవిడ ఎత్తుకుంటే మిగతావాళ్లు దాన్ని తలా ఒక చెయ్యేసి మోస్తున్నట్టు ఉంటుంది. మొదటి మధ్యాహ్నం వినగానే నేను శబ్దం లెవెల్ చూసుకోవడం మర్చిపోయి కూర్చున్నాను.

జాము దిగాక ఆవిడ మంచినీళ్లు తాగుతూ రాట దగ్గరకొచ్చి రికార్డరు వైపు చూసింది.

"దీన్లోకి మా గొంతులు కూడా పోతన్నాయాండి?"

"పోతున్నాయమ్మా. మీవీ, అందరివీ."

"మావి బాగోవుగదండీ."

"ఎవరన్నారు?" అన్నాను.

నవ్వింది. తర్వాత తనే చెప్పింది. "మా ఆయన నిరుడు లారీ మీంచి పడిపోయాడండి. మొక్కల లోడు కడతా కడతా జారాడు. నడుం విరిగింది. లేత్తాడో లేవడో చెప్పలేమన్నారు పెద్దాసుపత్రిలో. రాములోరికి మొక్కుకున్నానండి. ఆయన లేచి నడితే సప్తాహంలో ఏడు మజ్జాన్నాలూ నామం నేనే ఎత్తుకుంటానని. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుత్తున్నాడండి. ఆయ్."

పందిరి బయట చప్టా మీద కూర్చున్న ఒక బక్కచిక్కిన మనిషిని చూపించింది. ఆయన కర్ర పక్కన పెట్టుకుని, భార్య పాడిన నాలుగు గోడల్లేని ఆ పందిరి వైపే చూస్తున్నాడు. రోజూ వచ్చేవాడు. పాట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా కదిలేవాడు కాదు.

ఇక కార్యదర్శి. కమిటీలో పెద్దలు చాలామందే ఉన్నారు, దేవుడి పెళ్లికి అందరూ పెద్దలే కదా. కానీ పనులన్నీ నడిపించేది కార్యదర్శి. బజార్లో మంచి వ్యాపారం ఉన్న మనిషి, తెల్లచొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. ప్రతి మాటకీ అండీ తగిలిస్తాడు. ఆ అండీల తియ్యదనంలో మనల్ని ఎక్కడికి తీసుకుపోతున్నాడో వెళ్లేదాకా తెలియదు. మూడో రోజు నుంచి ఆయన పందిరి వైపు చూడటం మానేసి ఫోనే చూస్తున్నాడు. లైవు కింద జనం రాసే మాటలు చదువుతున్నాడు. "మేస్టారూ, దుబాయ్ నించి చూస్తున్నారండి. బెంగుళూరు నించీ చూస్తున్నారు. మధ్యాహ్నం మాత్రం పడిపోతోందండి" అనేవాడు. ఏం పడిపోతోందో అనుకున్నాను. చూసేవాళ్ల సంఖ్యట.

నాలుగో రోజు నా దగ్గరకొచ్చి, మొదటి రోజు రాజమండ్రి వాళ్లు పాడిన ముక్క కాపీ కావాలన్నాడు. భోజనాల షెడ్డులో వేసుకుంటామండీ, తినేవాళ్ల చెవిన కూడా నామం పడుతుంది అన్నాడు. మంచి ఆలోచనే అనిపించింది. ఇచ్చాను. ఎందుకివ్వను? దేవుడి పేరే కదా అడిగాడు.

ఐదో రోజు మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లి వస్తున్నాను. రికార్డరు దాని పని అది చేసుకుంటోంది. ఊరంతా కట్టిన మైకు గొట్టాల్లోంచి నామం వస్తోంది. వింటూ నడుస్తున్నాను. ఎక్కడో తేడా కొట్టింది. ఆడగొంతులు కావు. ఇప్పుడు ఆడవాళ్ల జాము కదా అనుకుంటూ ఉండగా డోలక్ వాయించే ఆయన దగ్గాడు. చిన్న దగ్గు, తర్వాత గొంతు సవరింపు. ఆ దగ్గు నాకు తెలుసు. మొదటి రోజు సాయంత్రం హెడ్‌ఫోన్లలో విని, అయ్యో, మంచి చోట దగ్గాడే అని నొచ్చుకున్నాను. రికార్డింగు చేసేవాడు పాట మర్చిపోతాడేమో గాని దగ్గు మర్చిపోడు.

పందిట్లోకి వెళ్లాను. మనుషుల్లేరు. అఖండదీపం వెలుగుతోంది. దాని పక్కన పీట మీద చిడతలు పెట్టి ఉన్నాయి. కెమెరా స్టాండు మీద నిలబడి రాములవారి ముఖం దగ్గరగా చూపిస్తోంది, పందిరి ఖాళీగా ఉందని ఎవరికీ కనబడకుండా. మైకుల మిక్సర్ దగ్గర కెమెరామన్ కూర్చుని ఉన్నాడు. మిక్సర్‌కి ఒక ఫోను, ఆ ఫోన్లో నా రికార్డింగు. రాటకు కట్టిన నా రికార్డరు ఎర్రదీపం వెలిగించుకుని, గొట్టాల్లోంచి వస్తున్న నా రికార్డింగునే శ్రద్ధగా మళ్లీ రికార్డు చేసుకుంటోంది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "నాకు చెప్పింది చేస్తున్నాను గురువుగారూ. యజమాని గారు కూడా సరే అన్నారట."

"పాడేవాళ్లేరి?"

"నామం వినపడుతోంది కదండీ. దీపం వెలుగుతోంది కదా..." అని, అన్నాక తనేమన్నాడో తనకే అర్థమై నోరు మూసుకున్నాడు. మరో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్లం.

అప్పుడే కార్యదర్శి చేతులు తుడుచుకుంటూ భోజనం దగ్గర్నుంచి వచ్చాడు. నన్ను చూసి మొహమంతా నవ్వు పులుముకున్నాడు.

"మేస్టారూ, భోంచేశారాండి? పులిహోర ఎలా ఉందండి?"

"ఆడవాళ్ల బృందం ఎక్కడండీ?"

"కోప్పడకండి మేస్టారూ. వాళ్ల గొంతులు బొంగురుగా ఉన్నాయని అందరూ రాస్తున్నారండి, చూడండి కావలిస్తే. మన ఊరి పరువు కదండీ. నామం ఆగలేదు, చూడండి, ఎంత బాగా వస్తోందో. మీ రికార్డింగే."

"మనిషి లేకుండా నామమేంటండీ?"

"వినేవాళ్లకి ఏం తెలుస్తుందండి?"

"రాములవారికి?"

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు. ఆయన దేవుడంటే నమ్మకం లేనివాడు కాదు. రోజూ పొద్దున్నే తడిబట్టలతో ప్రదక్షిణలు చేసేవాడు. అందుకే నాకు ఇంకా మండింది. నమ్మకం లేనివాడు చేస్తే మోసం అనుకుని ఊరుకోవచ్చు. గుడిని మింగేవాడు ఒకడైతే గుడినీ లింగాన్నీ మింగేవాడు ఇంకొకడు.

"ఆవిడకి మొక్కుందండి. ఏడు మధ్యాహ్నాలూ పాడాలి" అన్నాను.

"తెలుసండి. ఆవిడకి అన్యాయం చెయ్యలేదండి. వంటషెడ్డులో సేవ అప్పజెప్పాం. సేవ ఏదైనా సేవే కదండీ."

వంటషెడ్డు పందిరి వెనకే. వెళ్లి చూశాను. సాయంత్రం అన్నదానానికి కూర. ఆడవాళ్లంతా కత్తిపీటల ముందు వరసగా కూర్చున్నారు. గోనెల నిండా వంకాయలు. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. పైన గొట్టంలోంచి పట్టు ఉత్తరీయాల వాళ్ల నామం దివ్యంగా వస్తోంది.

"ఏమ్మా, మరి మీరు చెప్పలేదా వాళ్లకి?"

"సెప్పానండి. సేవ ఏదైనా సేవేనన్నారండి." చేతిలో వంకాయ వైపు చూసుకుంది. "నోటితో మొక్కుకున్నానండి, బాబుగారూ. వంకాయలు కోత్తే తీరుద్దాండి?"

షెడ్డు పక్క చప్టా మీద ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. కర్ర రెండు చేతుల్తో పట్టుకుని నేల చూస్తున్నాడు. తను నడవాలని మొక్కిన మొక్కు తన కళ్ల ముందే వంకాయ ముక్కలైపోతుంటే మనిషి ఇంకెటు చూస్తాడు? అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఉప్పూ కారం తినేవాణ్ణే కదా.

పందిట్లోకి నడిచి వెళ్లాను. కెమెరామన్ నన్ను చూసి లేచి పక్కకి జరిగాడు. ఆ ఒక్కందుకు వాణ్ణి ఇప్పటికీ క్షమిస్తాను. ఫోనుకున్న వైరు పట్టుకుని పీకేశాను.

సప్తాహం ఊళ్లో ఉన్నవాళ్లకి మూడో రోజుకల్లా నామం వినపడటం మానేస్తుంది, గాలిలాగా అయిపోతుంది. అది ఆగితే మాత్రం ఊరంతటికీ వినపడుతుంది. ఒక్కసారిగా పందిట్లో ఫ్యాన్ల చప్పుడు, వెనక కత్తిపీటల చప్పుడు, తర్వాత కత్తిపీటలు కూడా ఆగిన చప్పుడు. దూరంగా నర్సరీలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. కార్యదర్శి, "ఏంటండీ, ఏం చేశారండీ" అంటూ నా వైపు పరుగెత్తుకొస్తున్నాడు.

అప్పుడు వంటషెడ్డులోంచి ఆవిడ ఎత్తుకుంది.

మైకు లేదు, తాళం లేదు, శ్రుతి లేదు. ఉలిక్కిపడి పైకి ఎత్తుకుంది, తన మామూలు స్థాయి కంటే చాలా పైకి. గొంతు చీలింది. అయినా ఆపలేదు. పాడుతూనే లేచి, పాడుతూనే పందిట్లోకి వచ్చింది. చేతులకి వంకాయ నలుపు అంటుకుని ఉంది. దీపం దగ్గరకొచ్చి పీట మీదున్న చిడతల్ని చూసి ఆగిపోయింది. నోరు పాడుతోంది, కాళ్లు ఆగిపోయాయి. కింద పెట్టినవి తీసుకోకూడదు. మోగుతున్న చేతిలోంచే అందుకోవాలి. ఇచ్చే చెయ్యి లేదక్కడ. కార్యదర్శి వంక చూసింది. ఆయన ఫోను వంక చూస్తున్నాడు.

నేనే తీశాను ఆ చిడతలు. నా జన్మలో ఎన్నడూ వాయించలేదు. తాళం వేసేవాళ్లని వేలమందిని రికార్డు చేశాను, వాళ్లందరికంటే అధ్వాన్నంగా వాయించాను. ఆవిడ ఒక చోట ఉంటే నా తాళం ఇంకోచోట ఉంది. ఆవిడ నా చేతుల వంక చూస్తూ, నా తప్పుడు తాళానికి తన నామాన్ని కాస్త వంచుకుని, చెయ్యి చాచి నా చేతిలోంచి చిడతలు అందుకుంది. అందుకోగానే తాళం దారిలో పడింది. మిగతా ఆడవాళ్లు చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి కలిశారు. నర్సరీల్లోంచి, ఇళ్లలోంచి, నామం ఎందుకాగిందని పరుగెత్తుకొచ్చిన జనం పందిట్లో నిండిపోయారు. అంత జనం ముందు ఆడవాళ్లని మళ్లీ కత్తిపీటల దగ్గరికి పంపడం ఎవరి తరమూ కాలేదు. ఆ జాము వాళ్లే పూర్తిచేశారు. ఆరో రోజూ ఏడో రోజూ కూడా వాళ్ల జాము వాళ్లే పాడారు.

ఇక్కడితో అయిపోతే నేను కోపంగా ఉండాల్సిన పనే లేదు.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. నామం తెగింది కాబట్టి ప్రాయశ్చిత్తం ఏంటని అర్చకుణ్ణి అడిగారు. తెంచినవాణ్ణి నేనేనని ముందే తేల్చేసుకున్నారు. నేను ఒక్క మాట అడిగాను. "దీపం దగ్గర మనిషి లేకుండా మధ్యాహ్నం ఎంతసేపు గడిచిందో ఎవరైనా చెబుతారాండి? తెగింది నేను వైరు పీకినప్పుడా, మీరు ఆడవాళ్లని లేపేసినప్పుడా?" అర్చకుడు తన ఉత్తరీయం కొస చూసుకున్నాడు. ఆయనకి జవాబు తెలుసు. ఆ గుళ్లో ఉద్యోగం కూడా కమిటీ ఇచ్చిందేనని ఇంకా బాగా తెలుసు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గాని, అక్కడ ఎవడూ వినదల్చుకోలేదు. చివరికి కార్యదర్శే తేల్చాడు, అదే తియ్యటి గొంతుతో. నామం తెగిన జాము లెక్కలోకి రాదండీ, అమ్మగారి మొక్కు సంగతి వచ్చే ఏడాది చూసుకుందామండీ అని.

ఆవిడ పందిరి చివర నిలబడి వింది.

మా యజమాని ఫోను చేశారు. "మీరు రికార్డింగుకి వెళ్లారా, ఉద్యమానికి వెళ్లారా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. జరిగిందేదో జరిగింది, రికార్డింగులో ఆ ఖాళీ, ఆ కేక, ఆ తప్పుడు తాళం కత్తిరించి ఇచ్చెయ్యండి, కమిటీ వాళ్లూ అదే కోరుతున్నారు, ఏడు రోజులు ఎడతెగని నామమని వేసుకుందాం. నేను చెయ్యనన్నాను. ఎందుకు చెయ్యరన్నారు. చెయ్యను అన్నాను. అంతకంటే మంచి మాట ఆ రోజు నా నోటికి రాలేదు. ఆ తర్వాత నాకు బయట రికార్డింగు పని అప్పజెప్పలేదు. కొన్నాళ్లకి సభ పెట్టి, దండ వేసి, శాలువా కప్పి పంపించారు. శాలువా మంచిదే. మా ఆవిడ ఇస్త్రీ చేసేటప్పుడు కింద పరుచుకుంటోంది.

సప్తాహం ఆఖరి రోజున సామాను సర్దుకుంటుంటే ఆవిడ, భర్తని వెంటపెట్టుకుని వచ్చింది. ఆయన కర్ర పొడుచుకుంటూ పందిరి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచి వచ్చాడు. ఇద్దరూ కాసేపు రికార్డరు వంక చూశారు.

"తెగిన జాము లెక్కలోకి రాదన్నారండి" అంది.

"విన్నానమ్మా."

"నేను మళ్లీ ఎత్తుకున్నది దీన్లో ఉందాండి?"

హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టి ఆ చోటు వినిపించాను. ముందు రాజమండ్రి వాళ్ల నామం, టక్కున ఆగింది. ఆవిడ కళ్లు మూసుకుంది. ఫ్యాన్లు, కత్తిపీటలు. తర్వాత తన గొంతు, ఎక్కడో దూరంగా. ఆవిడ భుజాలు ఒకసారి కదిలాయి. హెడ్‌ఫోన్లు తీసి భర్త చెవులకు పెట్టింది. ఆయన చివరిదాకా విన్నాడు. నా తప్పుడు తాళం దగ్గర కొంచెం నవ్వాడు కూడా.

"ఉందిగదాండి" అంది ఆవిడ. "అయితే సాలండి. వాళ్లు లెక్కేసుకోపోతే మానె. రాములోరు దీన్లోది వింటారు. దీన్ని పోనివ్వకండి, బాబుగారూ."

పోనివ్వనని మాటిచ్చాను. కార్డు కంపెనీదే కాబట్టి అప్పజెప్పాను. కాపీ ఒకటి నా దగ్గరుంది. అయినా నా బీరువాలో ఉంటే ఏం లాభం? రేపు చానల్లో వచ్చేదే జనం వింటారు. అందులో ఆవిడ గొంతు లేకపోతే, ఆ ఊళ్లో ఆ మధ్యాహ్నం జరగనట్టే. మొక్కు తీరనట్టే. ఆ మనిషి ఉత్తినే నడుస్తున్నట్టే.

అందుకని నాయనా, నిన్ను తిట్టాను. నువ్వు చెడ్డవాడివి కావు. నీకు చెప్పింది నువ్వు చేస్తున్నావు. మా కెమెరామన్ కూడా అదే అన్నాడు. నువ్వు తప్పుడు తాళం అన్నది నాదే, ఒప్పుకుంటాను, దానికి ఎంత నవ్వుకున్నా ఫరవాలేదు. ఆ ఖాళీలోంచి వచ్చే గొంతు ఎవరిదో ఇప్పుడు నీకు తెలుసు. ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కత్తెర పక్కన పెట్టి, మొదటినుంచీ విను. తర్వాత నీ ఇష్టం.

అతుకు తెలియకుండా కత్తిరించడం ఎలాగో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నేను తిన్న అన్నం ఆ విద్యదే. ఎన్ని దగ్గులు తీశానో, ఎన్ని తడబాట్లు తీశానో, ఒక్కటీ ఎవరూ పట్టుకోలేదు. నీకు మాత్రం చెప్పను.